చింతచిగురు, దోరమామిడి, పచ్చిజీడి

చైత్రం అడుగుపెట్టగానే విజయనగరం జిల్లా నెల్లిమర్ల చుట్టుపక్కల లేతాకూ, పుల్లకాయా, కొత్తగింజా ఒకేసారి చేతికొస్తాయి. ఆ మూడూ ఒక గిన్నెలో చేరితే వసంతకాలపు సలాడ్ సిద్ధం.

మార్చి ఆఖరుకల్లా నెల్లిమర్లలో ఎండ చురుక్కుమంటుంది. పన్నెండు దాటాక పొయ్యి ముందు నిలబడటం ఎవరికీ ఇష్టముండదు. సరిగ్గా ఆ రోజుల్లోనే చింతచెట్లు పాత ఆకు రాల్చి కొత్త చిగురు తొడుగుతాయి. మామిడికాయ టెంక ముదరక ముందు పుల్లపుల్లగా, కరకరలాడుతూ ఉంటుంది. సముద్రం వైపు ఇసుక నేలల్లో, ఇటు మెట్ట తోటల్లో జీడిమామిడి కాపుకొస్తుంది. వరి కోసిన మళ్ళల్లో చల్లిన పెసలు, మినుములు అప్పటికే ఇంటికి చేరి ఉంటాయి. వండబుద్ధి కాని రోజుల్లో, వండకుండా తినదగినవన్నీ వాటంతటవే వచ్చి గుమ్మంలో నిలబడతాయి.

అయినా సలాడ్ అనగానే మన మనసు వేరే ఊరికి పోతుంది. విశాఖ సూపర్ మార్కెట్లో ప్లాస్టిక్ డబ్బాలో చల్లగా కూర్చున్న లెట్యూస్, సీసాలో ఆలివ్ నూనె, పొట్లంలో వాల్‌నట్లు గుర్తొస్తాయి. అవి మంచివి కావని అనను. ఎక్కడో చలి ప్రాంతంలో కోసిన ఆకు మన ఎండకి చేరేసరికి దాని ప్రాణం సగం పోయి ఉంటుంది. ఇంటికి తెచ్చిన మర్నాటికే అంచులు నల్లబడతాయి. పైగా అది ఖరీదు. లేతాకు, పండు, గింజ కలిపి తినడం అనే ఈ పద్ధతికి అసలు ప్రాణం తాజాదనం. ఆ తాజాదనం నెల్లిమర్లలో దొరికేది చింతచిగురులోనే గానీ లెట్యూస్‌లో కాదు. ఈ కథనంలో నేను చెప్పదలుచుకున్నదంతా ఇదే. మిగతావన్నీ దాన్ని ఎలా చెయ్యాలి, ఎందుకు చెయ్యాలి అన్న వివరాలు.

పండగనాడు తింటాం, మర్నాడు మానేస్తాం

మనకి పచ్చివి కలిపి తినడం కొత్త కాదు. ఉగాది పచ్చడిలో ఏమున్నాయో చూడండి. మామిడికాయ ముక్కలు, వేపపువ్వు, అరటిపండు, కొత్త చింతపండు పులుసు, కొత్త బెల్లం, పచ్చిమిరప, ఉప్పు. తెలంగాణలో కొత్త కుండలో తాగేందుకు వీలుగా పల్చగా కలుపుతారు. మా వైపు చాలా ఇళ్ళల్లో గట్టిగా, ముక్కలు పంటికి తగిలేలా చేస్తారు. కొబ్బరి కోరు, పుట్నాలపప్పు, జీడిపప్పు బద్దలు, కొందరైతే చెరుకు ముక్కలు కూడా వేస్తారు. చెంచాతో తీసుకుని నమిలి తినే వంటకం అది. పండు, గింజ, పులుపు, తీపి, చేదు అన్నీ ఉన్నాయి. ఆకు ఒక్కటే లేదు.

ఉగాదితో లెక్కపెడితే తొమ్మిదో రోజు శ్రీరామనవమి. మా మండలంలోనే రామతీర్థం ఉంది. నవమి కల్యాణానికి చుట్టుపక్కల ఊళ్ళు కదిలి వచ్చే చోటు అది. ఎండలో వచ్చినవాళ్ళ చేతిలో పానకం, వడపప్పు పడతాయి. నానిన పెసరపప్పు, దోసకాయ ముక్కలు, మామిడి తురుము, కొబ్బరి, ఉప్పు. బెల్లం, మిరియాలు, యాలకులు కలిపిన పానకం పక్కన ఆ పప్పు తింటే వడదెబ్బ తగలదని పెద్దవాళ్ళ నమ్మకం. ఎండలో చెమట పట్టిన ఒంటికి నీరూ, ఉప్పూ, తీపీ అందుతాయి కాబట్టి ఆ నమ్మకంలో పస ఉంది. కన్నడ దేశంలో ఇదే వంటకం కోసంబరి పేరుతో పెళ్ళి విస్తట్లోనూ, ఇంటి భోజనంలోనూ చోటు సంపాదించుకుంది. మనం మాత్రం నవమి దాటగానే దాన్ని వచ్చే ఏటికి వాయిదా వేస్తాం. ఏడాదిలో వడపప్పు అత్యవసరమైన వారాలు నవమి తర్వాతే మొదలవుతాయి. సరిగ్గా అప్పుడే మానేయడం నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం.

ఇరాన్‌లో కూడా కొత్త సంవత్సరం వసంతంలోనే, మార్చి 20, 21 తేదీల్లో నౌరోజ్‌తో మొదలవుతుంది. వాళ్ళ భోజనం బల్ల మీద పచ్చి ఆకుల పళ్ళెం ఒకటి ఉంటుంది. పుదీనా, తులసి జాతి ఆకులు, ఉల్లికాడలు, ముల్లంగి, వాటి పక్కన వాల్‌నట్లు, జున్ను. ఆ పళ్ళెం పండగతో పాటు వెళ్ళిపోదు. రోజూ ఉంటుంది. మనకి కావలసింది ఆ అలవాటే.

బుట్టలోంచి గిన్నెలోకి

నెల్లిమర్లలో పొద్దున్నే రోడ్డు పక్కన ఆకుకూరల బుట్టలు దిగుతాయి. లేత బచ్చలి, లేత పాలకూర, మెంతికూర, కొత్తిమీర కావాలని, ఇవన్నీ పచ్చివే తినడానికని చెబితే బుట్ట ముందు కూర్చున్న పెద్దావిడ ఆశ్చర్యంగా చూసింది.

‘పచ్చిదే తింతావేటమ్మా? అయితే ముదురాకు నమల్లేవు. లేతది ఏరి ఇత్తానుండు. నీళ్ళు మూడు మార్లు మార్సి కడుగు. వానలొచ్చాక మాత్రం ఇలగ తినకేం.’

నాలుగు మాటల్లో సలాడ్ శాస్త్రమంతా చెప్పేసింది. లేతదనం, శుభ్రత, కాలం. వంట పుస్తకాల్లో నూనెల గురించి పేజీలకు పేజీలు ఉంటాయి గానీ, ఈ మూడింటి గురించి ఇంత సూటిగా చెప్పినవి తక్కువ.

ఏ ఆకు పచ్చిగా పనికొస్తుంది, ఏది పనికిరాదు అన్నది ముందు తేల్చుకోవాలి. తోటకూర, అవిశాకు, ముదురు మునగాకు ఉడికించి తినాల్సినవే. లేత బచ్చలి ఆకు పచ్చిగా తింటే కాస్త జిగురుగా, రసంగా ఉంటుంది. అందులో మామిడి పులుపు పడితే ఆ జిగురు తెలియదు. బొటనవేలంత ఆకులున్న లేత పాలకూర నిక్షేపంగా పనికొస్తుంది. పొలం గట్ల మీద తనంతట తానే పాకే గంగపాయల కూరను కలుపు మొక్కగా పీకి పారేస్తారు. దళసరిగా, కాస్త పుల్లగా ఉండే ఆ ఆకులో, చేపల్లో దొరికే ఒమేగా-3 కుటుంబానికి చెందిన కొవ్వు ఆమ్లం ఉంటుంది. ఆకుకూరల్లో అది అంతగా ఉండటం అరుదు. మధ్యధరా తీరంలో దాన్ని కొనుక్కుని మరీ సలాడ్లలో వేసుకుంటారు.

మెంతికి ఒక చిన్న ఏర్పాటు చేసుకుంటే చాలు. గుప్పెడు మెంతులు రాత్రి నానబెట్టి, పొద్దున్న వెడల్పాటి మట్టి మూకుడులో ఇసుక పోసి, దాని మీద చల్లి, పైన పల్చగా మరికాస్త ఇసుక కప్పాలి. రోజూ నీళ్ళు చిలకరిస్తే పది పన్నెండు రోజుల్లో వేలెడు ఎత్తు మొలకలు లేస్తాయి. వేళ్ళ దగ్గర కత్తిరించుకుని వాడుకోవచ్చు. వాటికి ముదురు మెంతికూరలోని చేదు ఉండదు. చేదు ఉందీ అనిపించేంత మాత్రమే ఉంటుంది. ఉగాది పచ్చడిలో వేపపువ్వు చేసే పనిని ఈ గిన్నెలో మెంతి మొలక చేస్తుంది. చేదు అసలే లేని సలాడ్ రెండో ముద్దకే మొహం మొత్తుతుంది.

ఇక చింతచిగురు. పప్పులోకైతే అరచేతుల మధ్య నలిపి ఈనెలు ఏరేస్తాం. ఇక్కడ నలపకూడదు. నలిపితే రసం బయటికొచ్చి ఆకు నల్లబడుతుంది. రెమ్మ కొసను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి వేళ్ళతో కింది వైపుకి ఒక్కసారి లాగితే చిన్న చిన్న ఆకులన్నీ విడివిడిగా గిన్నెలో రాలతాయి. ఆ పులుపు నిమ్మకాయ పులుపులా ముందుకు దూకదు. నమిలిన కాసేపటికి నాలుక పక్కల నుంచి మెల్లగా వస్తుంది. గుప్పెడు చాలు. అంతకు మించితే మిగతా రుచులన్నీ దాని కింద పడిపోతాయి.

చిగురు దొరకనప్పుడు లేత గోంగూర నాలుగైదు ఆకులు సన్నగా తరిగి వేసుకోవచ్చు. గోంగూర పేరెత్తాక నెల్లిమర్ల మనిషి అంతటితో ఆగలేడు. ఈ ఊరు పేరు చెప్పగానే ఉత్తరాంధ్రలో ఎవరికైనా జూట్ మిల్లు గుర్తొస్తుంది. బ్రిటిషు వాళ్ళ కాలం నాటి మిల్లు. అది తెరిచి ఉన్న రోజుల్లోనూ, తాళం పడ్డ రోజుల్లోనూ ఊరి బతుకంతా దాని చుట్టూనే తిరిగింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రైతులు ఇలాంటి మిల్లుల కోసం పండించిన నార పంట గోగు. గోంగూరదీ దానిదీ ఒకే వంశం. తొలకరికి విత్తి, పూత దశలో కోసి, కట్టలు కట్టి చెరువులో ఊరవేసి నార తీసేవారు. చేను పలచన చేసేటప్పుడు పీకిన లేత మొక్కల ఆకు కూరలోకి వచ్చేది. ఆమదాలవలసలోని వ్యవసాయ పరిశోధన స్థానం ఈ పంట మీద ఏళ్ళ తరబడి పని చేసి కొత్త వంగడాలు ఇచ్చింది. అయినా ప్లాస్టిక్ సంచులొచ్చి, కూలి ఖర్చులు పెరిగి, ఊరవెయ్యడానికి చెరువుల్లో నీళ్ళు తగ్గి గోగు చేలు బాగా తగ్గిపోయాయి. ఆకు మాత్రం పెరట్లో మిగిలింది.

ఈ ఆకు వెంట మా వాళ్ళు సముద్రం కూడా దాటారు. రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళని కుటుంబం ఒకప్పుడు ఈ తీరంలో తక్కువ. రేవుల్లో, ధాన్యం మిల్లుల్లో కూలికి వేల మంది ఓడలెక్కారు. 1942లో జపాన్ సేనలు బర్మాలోకి రావడంతో ఎందరో కాలినడకన వెనక్కి మళ్ళారు. 1960ల్లో మరో విడత వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు ఆ రాకకు మిగిలిన గుర్తు. బర్మా వాళ్ళకి గోంగూర అంటే మనతో సమానంగా ప్రాణం. చిన్ బౌంగ్ అని పిలుస్తారు, వారంలో ఎన్నిసార్లయినా వండుకుంటారు. పచ్చివి, ఊరవేసినవి చేత్తో కలుపుకుని తినే వంటకాలు అక్కడ లెక్కలేనన్ని. వాటిలో పేరు మోసింది లపెట్ తోక్. ఊరవేసిన తేయాకులో వేయించిన పల్లీలు, నువ్వులు, వేయించిన వెల్లుల్లి, టమాటా ముక్కలు, నిమ్మరసం కలుపుతారు. ఆకు మెత్తగా, గింజ కరకరలాడుతూ ఉంటుంది. రంగంలో బతికొచ్చిన మా ముందు తరాల వాళ్ళు ఆ కలయికను కళ్ళారా చూసి, నోరారా తిని ఉంటారు. అది మన వంటింట్లో ఎందుకు స్థిరపడలేదో గానీ, పడి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

గింజ లేకపోతే గిన్నె నిండదు

న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ హోటల్లో 1890ల్లో పుట్టిన వాల్డార్ఫ్ సలాడ్ ప్రపంచమంతా తిరిగింది. మొదట్లో అందులో ఆపిల్, సెలరీ, మయొనైజ్ మాత్రమే ఉండేవి. వాల్‌నట్లు తర్వాత చేరాయి. ఇప్పుడు అవి లేని వాల్డార్ఫ్‌ని ఎవరూ ఊహించరు. ఆకూ, పండూ రెండూ నీటి సరుకు. కడుపు నిండినట్టే ఉంటుంది, గంటకే ఆకలేస్తుంది. గింజ పడితేనే దానికి బరువు వస్తుంది. ఇంకో ప్రయోజనం కూడా ఉంది. ఆకుల్లో, మామిడిలో ఉండే కెరోటిన్‌ను ఒంటికి పట్టించాలంటే కాస్త కొవ్వు తోడుండాలి. జీడిపప్పు, పల్లీలు, నువ్వుల నూనె ఆ పని చేస్తాయి.

జీడి విషయంలో మాకున్న అదృష్టం మామూలుది కాదు. బ్రెజిల్ నుంచి పోర్చుగీసు వాళ్ళు పడమటి తీరానికి తెచ్చిన ఆ చెట్టు తూర్పు తీరపు ఇసుకను సొంతం చేసుకుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, పనస, జీడి కలగలిసిన తోటలు ఉంటాయి. పలాస, కాశీబుగ్గల్లో ఎటు చూసినా జీడిపప్పు పరిశ్రమలే. పిక్కను కాల్చో, ఆవిరి పట్టో, పగలగొట్టి, బోర్మా అనే వేడిగదిలో ఆరబెట్టి, మీది పొట్టు ఒలిచి, సైజుల వారీగా ఏరుతారు. నాలుగైదు కిలోల పిక్కలు కొడితే కిలో పప్పు వస్తుంది. డబ్బా మీద డబ్ల్యూ 320 అని ఉంటే, పౌనుకు 320 వరకు నిండు పప్పులు తూగుతాయని లెక్క. డబ్ల్యూ 180 అయితే గింజ పెద్దది, ధర కూడా పెద్దదే. సలాడ్‌కి నిండు పప్పు అక్కర్లేదు. బద్దలు తెచ్చుకోండి. రుచిలో తేడా లేదు, ధరలో ఉంది.

ఆ పప్పు ఒలిచే చేతులు ఎక్కువగా ఆడవాళ్ళవే. పెంకులో ఉండే జీడి సొన చర్మాన్ని కాలుస్తుంది. నూనో, బూడిదో రాసుకుని పని చేసినా వేళ్ళ కొసలు నల్లబడక మానవు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. జీడి మొక్క కాపుకి రావాలంటేనే మూడు నాలుగేళ్ళు, నిండుగా కాయాలంటే మరికొన్నేళ్ళు పడుతుంది. మనం గుప్పెడు బద్దలు గిన్నెలో వేసుకునేటప్పుడు ఆ శ్రమ గుర్తుండాలి.

వసంతంలో మాత్రమే దొరికేది మరొకటుంది. పచ్చి జీడిపప్పు. పిక్క ఇంకా ఆకుపచ్చగా ఉండగానే కోసి, చేతులకు కొబ్బరినూనె పట్టించుకుని, కత్తిపీట మీద నిలువునా చీలుస్తారు. చీల్చగానే పెంకు గదుల్లోంచి సొన చిమ్ముతుంది. తెల్లగా ఉన్నట్టే ఉండి చూస్తుండగానే చెయ్యి మీద గోధుమరంగు మచ్చ అవుతుంది. లోపల పల్చటి పొర చుట్టుకుని పాలరంగు పప్పు ఉంటుంది. దాన్ని సన్నటి పుల్లతో బయటికి తీసి మరిగే నీళ్ళలో వేసి నాలుగైదు నిమిషాలు ఉంచితే పొర తేలిగ్గా ఊడివస్తుంది, అంటుకున్న సొన కూడా పోతుంది. ఈ మెట్టు దాటెయ్యకూడదు. సొన మిగిలితే పెదాలు పొక్కుతాయి. ఒలిచాక ఆ పప్పు మెత్తగా, తియ్యగా, కొబ్బరి లేతతనంతో ఉంటుంది. ఎండు జీడిపప్పులో ఆ రుచి వెతికినా దొరకదు. దాన్ని కూరలోనే కాదు, పచ్చి ఆకుల మధ్య కూడా ఒకసారి తిని చూడాలి. ఒలిచిన పప్పు పొట్లాల్లో అమ్మకానికి వస్తుంది కాబట్టి సొనతో తంటా పడనక్కర్లేదు.

గింజ మీద కూర్చునే ముంతమామిడి పండు సంగతి వేరు. కమలాపండు కన్నా ఎన్నో రెట్లు విటమిన్ సి ఉన్న ఆ పండు కోసిన ఒకట్రెండు రోజుల్లో పాడైపోతుంది. అందుకే తోటల్లోనే రాలి పోతుంది. పల్చటి చక్రాలుగా కోసి అరగంట ఉప్పునీళ్ళలో ఉంచితే గొంతు పట్టే వగరు చాలావరకు తగ్గుతుంది. తోట దగ్గర్లో ఉన్నవాళ్ళు రెండు చక్రాలు వేసుకోవచ్చు. మిగతావాళ్ళకి మామిడి ఉండనే ఉంది. విజయనగరం వైపు పేరుపడ్డ సువర్ణరేఖ బుగ్గ మీద ఎరుపు తిరిగి, లోపల కండ పసుపు పట్టి, ఇంకా గట్టిగా ఉన్న దోర దశలో సలాడ్‌కి అంతకన్నా మంచి పండు లేదు. పూర్తిగా మగ్గిన పండు గిన్నెలో ముద్దయిపోతుంది. దాన్ని విడిగా తినండి.

ఆవ చెప్పే మాట

ఆకులకి పట్టించే రసం విషయంలో చాలామంది పొరపాటు పడతారు. సీసాలో కొన్న మయొనైజ్ మన ఆకుకి బరువు. నిమ్మరసం, ఉప్పు మాత్రమే అయితే పేలవం. మా ఉత్తరాంధ్ర వంటలో దీనికి సిద్ధమైన సమాధానం ఆవ. పనసపొట్టు కూరైనా, కందైనా, అరటికాయైనా దించాక ఆవ పెట్టందే మాకు కూర పూర్తికాదు.

దించాకే ఎందుకు పెడతారన్నది మా అమ్మమ్మల తరం అనుభవంతో కనిపెట్టిన రసాయనం. ఆవగింజ ఊరికే నోట్లో వేసుకుంటే ఘాటుండదు. గింజ నలిగి నీళ్ళు తగిలినప్పుడు అందులోని ఒక ఎంజైము పని మొదలుపెట్టి ముక్కులోకెక్కే ఆ ఘాటును పుట్టిస్తుంది. వేడి తగిలితే ఆ ఎంజైము చచ్చిపోతుంది, ఆవ చప్పబడుతుంది, చేదు మిగులుతుంది. పులుపు ముందే పడితే పని మందగిస్తుంది. అందుకని చల్లటి నీళ్ళతో నూరి, కాసేపు వదిలేసి, ఘాటు ఎక్కాకే నిమ్మరసం పిండాలి. పొయ్యితో పనిలేని సలాడ్‌కి ఇంతకన్నా తగిన మసాలా ఉందా?

నలుగురికి సరిపడా కొలత ఇది. చెంచాడు ఆవాలు, ఒక ఎండుమిరపకాయ, రెండు చెంచాల కొబ్బరి కోరు, చిటికెడు ఉప్పు చల్లటి నీళ్ళతో మెత్తగా నూరి పది నిమిషాలు పక్కన పెట్టాలి. తర్వాత ఉసిరికాయంత బెల్లం చిదిమి వెయ్యాలి. మాకు అనకాపల్లి బెల్లం దగ్గర్లోనే ఉంది. ఒక నిమ్మకాయ రసం, రెండు పెద్ద చెంచాల నువ్వుల నూనె పోసి గిలక్కొడితే రసం చిక్కబడుతుంది. వేలితో తీసి నాలుక మీద వేసుకుని చూడండి. ముందు తీపి, తర్వాత పులుపు, ఆఖరున ముక్కుకి ఘాటు తగలాలి. ఉప్పు కొంచెం ఎక్కువైందనిపించాలి. ఆకుల్లో పడ్డాక సరిపోతుంది.

ఆకులన్నీ కలిపి నాలుగు పెద్ద గుప్పిళ్ళు కావాలి. పాలకూర, బచ్చలి, మెంతి మొలకలు, గంగపాయల, కాస్త కొత్తిమీర, పది పుదీనా ఆకులు, పైన గుప్పెడు చింతచిగురు. మూడు నీళ్ళలో కడిగి, ఆఖరి నీళ్ళలో ఉప్పు వేసి ఐదు నిమిషాలు ఉంచి, మళ్ళీ మంచినీళ్ళతో కడగాలి. ఆ తర్వాత శుభ్రమైన నూలు గుడ్డ మీద పల్చగా పరిచి పూర్తిగా ఆరనివ్వాలి. ఎవరూ ఓపిక పట్టనిది ఇక్కడే. తడి ఆకుకి రసం అంటదు. గిన్నె అడుక్కి జారిపోయి నీళ్ళల్లో తేలుతుంది.

గంటసేపు నానిన పెసరపప్పు మూడు పెద్ద చెంచాలు, చిన్న ముక్కలుగా కోసిన కీరదోస సగం, పుల్లల్లా తరిగిన దోరమామిడి ఒకటి, కావాలంటే గట్టి బొప్పాయి ముక్కలు గుప్పెడు. పచ్చి జీడిపప్పు గుప్పెడు, లేదా పొడి మూకుట్లో దోరగా వేయించిన బద్దలు. దానికి తోడు పొట్టు తీసి కచ్చాపచ్చాగా దంచిన వేయించిన పల్లీలు రెండు చెంచాలు. వెడల్పాటి గిన్నెలో అడుగున పండు, పప్పు వేసి, సగం రసం పోసి కలపాలి. ఆ పైన ఆకులు వేసి మిగిలిన రసం చిలకరించి, చేతివేళ్ళతో కిందినుంచి పైకి తేలిగ్గా రెండు మూడుసార్లు ఎత్తి వదలాలి. గరిటె పెట్టి తిప్పితే ఆకు నలుగుతుంది. గింజలు చిట్టచివర. అందరూ కూర్చున్నాకే కలపండి. ఉప్పు తగిలిన ఆకు నీరు వదులుతుంది. పావుగంటలో వాడిపోతుంది.

తినేటప్పుడు ఒక్కో నోటికి ఒక్కో రుచి. ఒకసారి మామిడి, ఒకసారి మెంతి చేదు, ఒకసారి పచ్చిజీడి తీపి, మధ్యలో ఎక్కడో ఆవ ఘాటుకి కళ్ళలో నీళ్ళు. చద్దన్నంలో పెరుగు కలుపుకుని పక్కన ఇది పెట్టుకుంటే వేసవి మధ్యాహ్నానికి ఇంకేమీ అక్కర్లేదు.

దాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ళకి ఇది ఇంకా తేలిక. లేత పాలకూర అక్కడ ప్రతి దుకాణంలో కడిగి, ఆరబెట్టి దొరుకుతుంది. ఉగాది పచ్చడిలో మామిడికి బదులు పుల్ల ఆపిల్ వేసుకునే ఇళ్ళకి ఇక్కడా అదే సరిపోతుంది. ఆవ మాత్రం ఇంట్లోనే నూరుకోవాలి.

ఎంత, ఎవరికి, ఎప్పటిదాకా

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కేలరీలు తీసుకునే మనిషి పళ్ళెం ఎలా ఉండాలో చెప్పింది. ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 35 గ్రాముల గింజలు. మన భోజనంలో అన్నం కొండంత, కూర గోరంత. ఆ గింజల లెక్క మన ఇళ్ళలో పండగనాడు పాయసంలో తప్ప ఎప్పుడూ తీరదు. ఇలాంటి గిన్నె ఒకటి మధ్యాహ్నం పూట ఉంటే పండు, గింజ, ఆకు వంతుల్లో కొంతైనా తీరుతుంది. ఉడికిస్తే చాలావరకు పోయే విటమిన్ సి పచ్చి ఆకులో నిలుస్తుంది. పప్పులోని, ఆకులోని ఇనుము ఒంటికి పట్టడానికి అది సాయం చేస్తుంది. మన ఆడపిల్లల్లో రక్తహీనత ఎంత ఉందో తెలిసిన వాళ్ళకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

అందరికీ ఒకేలా పనికిరాదు. పాలకూర, గోంగూరల్లో ఆక్సాలేట్లు ఎక్కువ కాబట్టి మూత్రపిండాల్లో రాళ్ళున్నవాళ్ళు వాటిని పచ్చిగా తినకపోవడమే మేలు. జీడితోటల ఉద్దానంలోనే వేల కుటుంబాలను కిడ్నీ జబ్బు పీడిస్తోంది. జబ్బు ముదిరిన వాళ్ళకి పొటాషియం ప్రమాదం. ఆకుకూరలు ఉడికించి, నీళ్ళు వార్చి తినమని వైద్యులు వాళ్ళకి చెబుతారు. ఈ గిన్నె వాళ్ళ ముందు పెట్టే ముందు వైద్యుణ్ణి అడగాలి. జీడిపప్పు, పల్లీలు పడని పిల్లలుంటే వాటి బదులు వేయించిన గుమ్మడి గింజలు వేసుకోవచ్చు. మురుగు కాలవ పక్కన పెరిగిన ఆకు ఎంత లేతగా ఉన్నా పచ్చిగా వద్దు. ఏ మడిలోది అని అమ్మేవాళ్ళని అడగడానికి మొహమాటపడకండి.

వారాలు గడిచేకొద్దీ గిన్నె మారుతుంది. చింతచిగురు ముదిరి గట్టిపడేసరికి సువర్ణరేఖ పూర్తిగా పండుతుంది, తాటిముంజలు దిగుతాయి. వైశాఖంలో ముంజల మీది పొర తీసి ముక్కలు చేసి కీరదోసకి బదులు వేసుకోండి. అప్పటికి పచ్చిజీడి కాలం అయిపోయి ఎండుపప్పు వాడాల్సి వస్తుంది. పులుపుకి నిమ్మకాయ, లేదా పుల్లమామిడి తురుము. పుదీనా కాస్త పెంచండి. ఎండ ముదిరితే లేత పాలకూర దొరకదు. అప్పుడు ఇంటి మూకుట్లో మెంతి మొలకలే దిక్కు, నీడలో పెట్టి పెంచుకోవచ్చు.

జూన్‌లో వాన పడ్డాక పచ్చి ఆకు ఆపేయాలి. బురద చింది, పురుగు పట్టి, ఎన్నిసార్లు కడిగినా నమ్మకం చిక్కని ఆకు అది. చాతుర్మాస్యంలో మొదటి నెల శాకవ్రతమని ఆకుకూరలు మానేసే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఆ నాలుగు నెలలు గిన్నెలో దోస, మొలకెత్తిన పెసలు, కొబ్బరి, వేయించిన పల్లీలు చాలు. చెట్టు కింద రాలిన నేరేడు పళ్ళు దొరికితే గింజ తీసి నాలుగు వేసుకోండి. ఆకు మళ్ళీ పొయ్యి మీదికి, పప్పులోకి వెళ్తుంది. ఊరి చివర ఎక్కడైనా గోగు చల్లిన చేను మిగిలి ఉంటే, పలచన చేసేటప్పుడు ఆ లేత ఆకు ఒక కట్ట అడిగి తెచ్చుకోండి. పప్పులో వేస్తే మహా రుచి.